తుకారాం చేతిలో పార ఎందుకున్నది

నిజామాబాద్ జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,

బోధన్ డివిజన్, మంజీర ఒడ్డున ఉన్న ఎర్రమడుగు గ్రామ కాపురస్థుడు, ఇరవై ఆరు ఏండ్లుగా గ్రామ నీరడి పని, అనగా ఊరికి నీళ్లు విడుచు పని, చేయుచున్న నీరడి చిన్నయ్య, వయస్సు 58, ఎవరి బలవంతం లేక, తెలివితో ఉండి రాయించి దాఖలు చేయునది.

విషయం: మే నెల 11వ తేదీ ఆదివారం మంజీర నదిలో మహేష్ అను వ్యక్తి మరణించిన కేసులో నేను ఇచ్చిన సాక్ష్యం అబద్ధమని తెలుపుట, మరియు ఆ కేసులో జైలులో ఉన్న తుకారాంను విడిపించుట గురించి.

అయ్యా,

ఈ కాగితం పొడుగైనందుకు ముందే మన్నింపు కోరుచున్నాను. మే నెలలో నేను చెప్పిన సాక్ష్యం నాలుగు వరుసలే. ఆ నాలుగు వరుసల వలన ఒక మనిషి నాలుగు నెలలుగా జైలులో ఉన్నాడు. కావున ఈసారి అన్నీ చెప్పదలచినాను.

1. మా ఊరికి, అవతలి ఒడ్డున మహారాష్ట్రలో ఉన్న ధోండ్‌గావ్‌కు నడుమ మంజీర ఉన్నది. రెండు రాష్ట్రాల సరిహద్దు నది నడుమ నుండి పోతుందని కాగితాలలో ఉన్నదట. ఎండాకాలంలో నది అంతా ఇసుకే కనుక ఆ గీత ఎక్కడున్నదో మాలో ఎవరూ చూసినవారు లేరు. ఇసుక నడుమ ఒక్క మడుగు మాత్రం మిగులుతుంది. దానిలో ఇవతల మా ఊరి మోటరు, అవతల వారి ఊరి మోటరు ఉంటాయి. ఇవతలిది నడిపేది నేను, అవతలిది నడిపేది తుకారాం.

ఇరవై రెండు ఏండ్ల కింద ఒక కరువు ఏడు రెండు మోటర్లూ ఒక్కసారి నడిచి, రెండూ బురద గుంజి, రెండూ కాలిపోయినవి. ఆ రోజు తుకారాం ఇసుక మీద నా పక్కన కూర్చుండి, తనకు వచ్చిన తెలుగులో అన్నాడు: "చిన్నయ్య భావు, ఒక్క చెంబుల రెండు నోళ్లు పెడితె ఎవ్వనికి దొరుకుతయ్?"

అప్పటి నుండి సోమ, బుధ, శుక్రవారాలు మాకు. మంగళ, గురు, శనివారాలు వారికి. ఆదివారం ఎవరికీ లేదు. ఆ దినం ఊట ఊరాలి, బర్లు, పిట్టలు తాగాలి. దీనికి కాగితం లేదు, ముద్ర లేదు. మా మోటరు చెడిపోయిన ఏడు వారు తమ మూడు దినాలు మాకు ఇచ్చినారు. వారి ఊరిలో పెండ్లిండ్లు పడిన ఏడు మేము ఇచ్చినాము. పైన పెద్ద డ్యాముల నీళ్ల గురించి రెండు రాష్ట్రాల పెద్దలు ఎన్ని ఏండ్లు కొట్లాడినా, ఈ మడుగు దగ్గర ఒక్క దెబ్బ పడలేదు. ఇది గొప్పకు చెప్పుట లేదు. చెడగొట్టినది నేనే కనుక చెప్పుచున్నాను.

2. ఈ ఏడు ఏప్రిల్ వరకే మడుగు మోకాలి లోతుకు దిగినది. మా ఊరికి సర్పంచ్ గడువు ముగిసి ఏడాది దాటినందున పెత్తనమంతా గ్రామాభివృద్ధి కమిటీది. దాని పెద్ద పరమేశ్వర్ పటేల్. బోధన్ ఫ్యాక్టరీ మూతబడిన తర్వాత మా దిక్కు చాలామంది చెరుకు విడిచి వరి పట్టినారు. పటేల్, ఇంకా ముగ్గురు మాత్రం చెరుకు విడువలేదు. దూరపు మిల్లులకు లారీలలో పంపుతారు. వారి పదహారెకరాల చెరుకు ఎండుమొగం పట్టినది.

నది నుండి వచ్చే పైపు ఊరి బయట రెండుగా చీలుతుంది. ఒకటి తాగునీటి ట్యాంకుకు, ఒకటి పాత పొలం కాలువకు. రెండింటికీ గేట్‌వాల్వులు ఉన్నవి. వాటి చావి నా దగ్గరే ఉండేది.

పటేల్ ఒకనాడు వాల్వు దగ్గరికి వచ్చి, "చిన్నయ్య, ఒక్క రెండు గంటలు ఇటు తిప్పు. చెరుకు సచ్చిపోతున్నది" అన్నాడు.

"కింది వాడ నల్లాలు బందయితయ్ పటేలా" అన్నాను.

"అయితె అవతలోళ్లు గుంజుకుంటున్నరని చెప్పు. ఎవ్వలు పోయి సూస్తరు?"

నేను తిప్పినాను. రెండు గంటలు నాలుగైనవి, తర్వాత పొద్దంతా అయినది. నేను ఉండేది కింది వాడలోనే. నా భార్య వసంతమ్మ నదికి పోయి ఇసుకలో చెలిమ తీసి, గిన్నెతో నీళ్లు ముంచి తెచ్చేది. ఆమెకు కూడా అవతలి వారు గుంజుకుంటున్నారనే చెప్పినాను. ఆమె నమ్మి, వాళ్లకు మన్ను పడ అని తిట్టినది. నేను పక్కనే కూర్చుండి విన్నాను.

3. మే నెల మొదటి వారంలో వాడకు ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల కొట్లాటలో ముత్తవ్వ అను ముసలామె కింద పడి చెయ్యి విరిగినది. మహేష్ ఆమె కొడుకే. వయస్సు ముప్ఫై రెండు. మోటర్లు బాగుచేసేవాడు, నన్ను కాక అని పిలిచేవాడు. తల్లి చేతికి పట్టీ కట్టించుకొని వచ్చిన నాడు నా ఇంటికి వచ్చి అడిగినాడు.

"కాకా, నిజంగనే అవతలోళ్లు గుంజుతున్నరా?"

అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఈ అర్జీ ఉండేది కాదు, అయ్యా.

"అవును బిడ్డ" అన్నాను.

"అయితె ఏదన్న పని చెప్పుండ్రి, నేను చేస్త. మా అవ్వ చెయ్యి ఊకెనె పోలే" అన్నాడు.

4. కమిటీ కూర్చుండి, మడుగు నుండి మన దిక్కుకు ఇసుకలో లోతుగా కాలువ తవ్వి, నీళ్లన్నీ మన మోటరు కిందికి తిప్పుకోవాలని తీర్మానించినది. అవతలి వారి మోటరు నడువని దినం కావాలని ఆదివారం పెట్టుకున్నారు. శనివారం గుర్తులు పెట్టడానికి పోతే ధోండ్‌గావ్ వారు పది మంది వచ్చినారు. తుకారాం నా చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు ఆయితవారం భావు. మర్చిపోయినవా?"

నేను తల దించుకున్నాను. అతను పటేల్ వైపు తిరిగి చెయ్యి ఎత్తి గట్టిగా చెప్పినాడు: "ఇసుకను నిలువుగ తవ్వద్దు! కింద నీళ్లున్నయ్. గోడ జారుతది. మనిషి పోతడు!"

"మా దిక్కు మేం తవ్వుకుంటం. నువ్వెవడివిరా చెప్పెటందుకు?" అన్నాడు పటేల్.

తోపులాట అయినది. అతను చెయ్యి ఎత్తిన వీడియో మా వాళ్లు ఫోనులో తీసినారు. 'మనిషి పోతడు' అన్న మాట బెదిరింపు అని తర్వాత కేసులో చూపించినారు. అది బెదిరింపు కాదు. జాగ్రత్త చెప్పుట.

5. ఆదివారం పొద్దున ప్రొక్లెయిన్ మిషన్‌తో తవ్వినారు. పదకొండు గంటలకు రెండు నిలువుల లోతు గుంత అయినది. అడుగున నీళ్లు ఊరినవి. మోటరు పైపు కింది కొసకు ఉండే ఫుట్‌వాల్వును లోపల కూర్చోబెట్టాలి. మహేష్ అంచు మీద నిలబడి ఇసుక గోడను అరచేతితో తట్టి చూసినాడు.

"కాకా, జారుతున్నది. జరంత పక్కలు వెడల్పు చేయిద్దాం. నేను గిప్పుడే దిగను."

మిషన్ మధ్యాహ్నం వేరే ఊరికి పోవాలని పటేల్ తొందర పెడుతున్నాడు. నా దిక్కు చూసినాడు. మహేష్ పటేల్ మాట వినకపోయినా నా మాట వింటాడని ఆయనకు తెలుసు.

"ఏం కాదు బిడ్డ, దిగు. రెండు నిమిషాల పని" అన్నాను.

ఆ మాట అన్నది నేను. పటేల్ కాదు, మిషన్ డ్రైవరు కాదు. నేను.

అతను చెప్పులు విడిచి దిగినాడు. వాల్వు పట్టుకొని వంగినాడు. ఎడమ దిక్కు గోడ చప్పుడు లేకుండా కూర్చున్నది. అరుపు కూడా రాలేదు. గుంత నడుమ వరకు నిండిపోయి, పైన ఇసుక సాపుగా కనబడినది. మా వాళ్లు ఇరవై మందికి పైగా ఉన్నారు. రెండో గోడ కూలుతుందని అందరూ వెనుకకు జరిగినారు. నేనూ జరిగినాను. డ్రైవరు మిషన్ చెయ్యి లేపినాడు.

అవతల తన మోటరు దగ్గర బురద తీస్తున్న తుకారాం అక్కడి నుండే కేకలు వేసుకుంటూ పార పట్టుకొని ఉరికి వచ్చినాడు. "బకెట్ పెట్టకుండ్రి! మనిషి తెగిపోతడు! చేతులతోని తియ్యుండ్రి!" అంటూ, ఎవరినీ అడగకుండా గుంతలోకి దుంకినాడు. అతనికి మహేష్ పేరు కూడా తెలియదు. పారతో పైపైన ఇసుక తోస్తుండగా, ఒకచోట పార కొసకు ఏదో తగిలినది. "అరె దేవా!" అని పారను బయటికి విసిరి చేతులతో గోకినాడు. అప్పుడు మావాళ్లు ఇద్దరు దిగినారు. తల బయటపడినది. నోటి నిండా తడి ఇసుక ఉన్నది. కుడి చెవి వెనుక పార గీసిన గాటు ఉన్నది.

అయ్యా, ఆ గాటు పారదే. కానీ అది కొట్టిన గాటు కాదు, తీసిన గాటు. తుకారాం చేతిలో పార ఎందుకున్నదో చెప్పగలిగిన వాడిని ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను.

6. మహేష్‌ను ఇసుక మీద పండుకోబెట్టినప్పుడు తుకారాం అతని నోట్లో వేళ్లు పెట్టి ఇసుక తీస్తూనే ఉన్నాడు. ఊపిరి లేదని తెలిసినాక కూడా తీసినాడు. అప్పుడు పటేల్ నా చెవి దగ్గరికి వచ్చి అన్నాడు.

"గుంత తవ్వింది మనం. దిగుమన్నది నువ్వు. నువ్వు లోపలికి పోతవా? ఆని పారకు రక్తమున్నది. అందరు సూసిండ్రు కద."

నా జవాబు కొరకు ఎవరూ ఆగలేదు. ఎవరో "అవతలోడు సంపిండు" అని అరిచినారు. చచ్చిన మనిషి నోట్లో నుండి ఇసుక తీస్తున్న వాడిని వెంట్రుకలు పట్టి లేపి కొట్టినారు.

తర్వాత రెండు వైపుల నుండి పోలీసు, సర్వే సిబ్బంది వచ్చినారు. మనిషి చచ్చిన చోటు ఏ రాష్ట్రందో తేలాలని టేపు పట్టినారు. పాత సర్వే రాయి దొరకలేదు. మూడు గంటలు మే నెల ఎండలో మహేష్ తువ్వాల కింద పడి ఉన్నాడు. చివరకు పదకొండు గజాలు మన దిక్కు అని తేలినది. ఆ నదిలో ఎవరికీ ఇంత జాగ్రత్తగా నీళ్లు కొలిచి ఇచ్చింది నేను చూడలేదు.

నా సాక్ష్యం ఇది: 'తుకారాం ముందు రోజు బెదిరించినాడు. ఆదివారం పారతో వచ్చి మహేష్ తల మీద కొట్టినాడు. గుంతలో పడగొట్టి ఇసుక తోసినాడు. నేను కళ్లారా చూసినాను.' ఊపిరితిత్తులలో ఇసుక ఉన్నదని డాక్టరు రాసినందుకు ఆ మూడో ముక్క చేర్చినారు. చదివి వినిపించినారు. సంతకం పెట్టినాను.

7. ఆ తర్వాత జరిగినది తమకు ఎరుకే. రెండు దిక్కుల జెండాలు పట్టుకొని నాయకులు వచ్చినారు. మా నీళ్లు మాకు అని ఇక్కడ, ఆమ్‌చే పాణీ అని అక్కడ నినాదాలు చేసినారు. సరిహద్దు రోడ్డు మీద రెండు దినాలు బస్సులు ఆగినవి. మా వారం అంగడిలో ఏండ్ల తరబడి ఉల్లిగడ్డ అమ్ముకుంటున్న మరాఠీ ముసలాయనను తరిమినారు. ఊరి అడ్డా మీద మహేష్ ఫోటోతో 'జలవీరుడు' అని ఫ్లెక్సీ కట్టినారు. అంత జరిగినా పటేల్ చెరుకుకు నీళ్లు ఆగలేదు. చావి తిప్పినది నేనే కనుక ఇది నిశ్చయంగా చెప్పగలను.

8. ఆగస్టు మొదటి వారంలో తుకారాం భార్య సుమిత్రమ్మ బస్సు దిగి, నా ఇల్లు ఎక్కడని అడుగుతూ వచ్చినది. ఊరి వాళ్లు చూస్తే ఏమైనా చేస్తారని నాకు భయమైనది. ఆమె గడప బయటే నిలబడినది.

"అన్నా, కోర్టుకు రమ్మనెటందుకు రాలే. ఇద్దరు ఆడపిల్లలున్నరు. బళ్లె 'ఖూనీ చేసినోని బిడ్డ' అంటున్నరు. మా బాపు సంపిండా అని అడుగుతున్నరు. నువ్వు అక్కడ ఉన్నవంట. ఏం చెప్పాలె? గది ఒక్కటి చెప్పు, పోత."

నేను ఎవరైనా చూస్తున్నారా అని వీధి దిక్కు చూసినాను. ఆమె అది చూసి, "చెప్పకపోతె గూడ సమజయింది" అని తిరిగిపోయినది. లోపల నుండి విన్న నా భార్య బయటికి వచ్చి, "ఏందయ్యా నువ్వు చేసింది?" అని అడిగినది. మొదట ఆమెకు చెప్పినాను. ఆమె రెండు దినాలు నాకు అన్నం పెట్టలేదు. మూడో నాడు, "పుష్పలతకు చెప్పు. చెప్పినంకనే ఇంట్ల అన్నం తిను" అన్నది.

9. పుష్పలత మహేష్ భార్య. బీడీలు చేస్తుంది. నీళ్ల కొరకు చచ్చినవాని భార్య అని ఆమెకు సర్కారు ఆఫీసులో పని ఇప్పిస్తామని పెద్దలు మాట ఇచ్చి ఉన్నారు. నేను పోయేసరికి చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరిస్తున్నది. మామా, కూసో అని చాయ్ పెట్టబోయినది. వద్దని చెప్పి, నిలబడే అంతా చెప్పినాను. వాల్వు సంగతి నుండి మొదలుపెట్టినాను. ఆమె కత్తెర ఆగలేదు. గుంత దాకా వచ్చినప్పుడు ఆగినది.

"ఆయన దిగనన్నడా?"

"అన్నడు బిడ్డ."

"నువ్వు దిగుమన్నవా?"

"అన్న."

"లోపల ఎంతసేపు బతికి ఉండె?"

"తెలువది. తుకారాం వచ్చెదాంక ఎవ్వలం ముట్టలే."

ఆమె చాట పక్కన పెట్టినది. "మే నెల నుంచి వారం వారం వచ్చి నా చేతి చాయ్ తాగినవ్ మామా. ఎట్ల దిగింది నీ గొంతుల?" అన్నది. ఏడువలేదు. ముత్తవ్వ లోపలి నుండి ఎవరొచ్చిండ్రే అని అడిగితే, "ఎవ్వలు లేరు" అన్నది.

10. ఈ సంగతి కమిటీకి తెలిసి, ఆగస్టు 20వ తేదీన నా చావి గుంజుకున్నారు. మా ఇంటితో ఎవరూ మాట్లాడరాదని, దుకాణంలో ఉప్పు ఇయ్యరాదని, ఆటో ఎక్కించుకోరాదని చాటింపు వేయించినారు. నా మీద దయ చూపమని ఈ అంశం రాయుట లేదు. ఊరిలో ఇంకెవరైనా నిజం చెప్పదలచినా ఎందుకు చెప్పలేరో తమకు తెలియుటకు మాత్రమే.

11. పోయిన వారం జైలుకు పోయి తుకారాంను చూసినాను. ఎడమ చెయ్యి సరిగా లేవదు. ఆనాడు మావాళ్లు కొట్టిన దెబ్బ. నేను మాట్లాడేముందే అతనే అడిగినాడు: "మంజీర వచ్చిందంట కద, భావు?" ఆగస్టు చివర వరద వచ్చి మడుగు, గుంత, రెండు మోటర్లు, పటేల్ చెరుకు అన్నీ మునిగినవని చెప్పినాను. "మస్తు నీళ్లు" అని నవ్వినాడు. "గిప్పుడు ఎవ్వడు కొట్లాడడు."

నేను ఏడ్చినాను. "భయమై అట్ల చెప్పిన, తుకారాం. తప్పయింది" అన్నాను.

అతను జాలీకి దగ్గరగా వచ్చి మెల్లగా అన్నాడు: "నాకు గూడ భయమైంది భావు. రెండో గోడ నా మీద పడుతదనుకున్న. కాని ఉరికొచ్చిన."

అంతే అన్నాడు. తిట్టి ఉంటే నేను ఇంటికి పోయి పడుకుందునేమో. ఈ కాగితం రాయించి ఉండేవాడిని కాను.

కావున ప్రార్థించునది ఏమనగా: నా సాక్ష్యాన్ని న్యాయాధికారి ఎదుట తిరిగి నమోదు చేయించవలెను. తుకారాం మీది కేసు గురించి కోర్టుకు తగు విధంగా తెలియజేయవలెను. అబద్ధపు సాక్ష్యానికి, 'దిగు' అన్న మాటకు నా మీద ఏ చర్య ఉన్నదో అది తీసుకోవలెను. వాల్వుల చావి కమిటీ చేతిలో గాక ప్రభుత్వం చేతిలో ఉండవలెను. అవతలి జిల్లా కలెక్టర్ గారితో మాట్లాడి, వచ్చే ఎండాకాలం లోపల ఆ మడుగు వంతులను కాగితం మీద పెట్టవలెను. నోటి మాట మీద ఇరవై రెండు ఏండ్లు నడిచినది. నా నోటికి ఇక ఆ విలువ లేదు.

పై సంగతులన్నీ తాము ఓపికతో చిత్తగించి, నా మీద కాక నిజం మీద దయ ఉంచవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడనని చెప్పుకొనుటకు తగని,
నీరడి చిన్నయ్య
ఎర్రమడుగు
తేది: 15-09-2025, సోమవారం

ఇంకొక మాట: సారూ, మీదిదంత నేను చెప్తె బోధన్‌ల టైపు చేసేటాయన మంచిగ రాసిండు. గిది నా చేతి రాత. సోమవారం ప్రజావాణిల అర్జీ కాగితం తీసుకొని ఇంటికి పొమ్మంటరట. నేను పోను. రెండు జతల బట్టలు తెచ్చుకున్న. బయట బల్ల మీద కూసున్న. పోలీసోళ్లను పిలువుండ్రి, వస్త.

సాక్షి: పై అర్జీ అంతా నాకు చదివి వినిపించినారు, విన్నాను. నా భర్త మహేష్ మరణం విషయంలో తుకారాం మీద నాకు ఏ ఫిర్యాదు లేదు. చిన్నయ్య మీద ఉన్నది.

(సంతకం) పుష్పలత, భర్త కీ.శే. మహేష్